నోరు విప్పని జెల్లలు

జెల్లచేప ఒంటిమీద ఎన్ని పొలుసులుంటాయో, ఈ కథలో ఇంతవరకు అన్ని అబద్ధాలున్నాయి. జెల్లకు అసలు పొలుసులే ఉండవని తెలియనివాళ్ళు చేపలు కడిగిన చెయ్యి ఎవరిదైనా పట్టుకుని అడగవచ్చు.

పడవ ఇంకా బోర్లానే ఉంది.

ఒడ్డున, వలలు ఆరేసే దండేల పక్కన, అడుగు ఆకాశానికి పెట్టి పడుకుని ఉంది. పురిటిల్లు గుంజలు దాటి వల వేసినందుకు పడిన శిక్ష అది. పురిటిల్లంటే మనుషులది కాదు, చేపలది. ఏరు సముద్రంలో కలిసేచోటికి కాస్త ఇవతల, చేపలు గుడ్లు పెట్టుకునే నాలుగు మడుల నీళ్ళు. ఏటా వరద వచ్చి గుంజలన్నీ కొట్టుకుపోతాయి. గుడ్ల కాలానికి ముందు మళ్ళీ పాతుతారు. కాలం గడిచేదాకా లోపల ఎవరూ వల వేయకూడదు. ఒకప్పుడు ఉన్న చేపంతా ఊడ్చుకుపోయి, నీళ్ళొడ్డున కాపురముంటూ డబ్బాల్లో చేప కొనుక్కుతిన్న సిగ్గుమాలిన రోజులు చూశాక, పడవలవాళ్ళందరూ కలిసి పెట్టుకున్న కట్టుబాటు.

ఆ గుంజలు పాతేది మామ, అంటే ఈ కథలో కోడలికి మామ. దాటింది ఆయన కన్నకొడుకు. "పడవ బోర్లించండి" అని అందరిలోనూ అన్నదీ ఆ మామే.

ఇవాళ సాయంత్రం పడవలవాళ్ళ సంఘం మళ్ళీ కూర్చుంటుంది. పడవను తిరగేసి నీళ్ళలోకి తోస్తారో, అడుగు పలకలు ఊడగొడతారో అప్పుడు తేలుతుంది.

మధ్యాహ్నం ఇంట్లో కంచాల ముందు కూర్చున్నారు.

"తినమని చెప్పవే నీ కొడుక్కి," అన్నాడు మామ, గోడవైపు తిరిగి.

"నీ కొడుకు కాడా? నేనొక్కదాన్నే కన్నానా?" అంది అత్త.

"గుంజ దాటినవాడు నా కొడుకెలా అవుతాడు?"

"అబ్బో! దాటకముందు నీ పోలికే, నీ నడకే అని ఊరంతా డప్పేసుకుని తిరిగావు. దాటాక నాకొక్కదానికే మిగిలాడా?"

కొడుకు కంచంలో వేళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. పట్టుబడిన రోజు నుంచి అతను మాట్లాడడం లేదు. అలిగి కాదు. మాటలు అయిపోయినట్టు.

"అడుగు వాణ్ణి. ఆకలేసి దాటాడా, కక్కుర్తిపడి దాటాడా?"

"ఏరా, ఆకలా కక్కుర్తా అని అడుగుతున్నారు మీ నాన్న."

కొడుకు గ్లాసెత్తి నీళ్ళు తాగాడు.

"నీళ్ళు తాగాడు," అని అత్త కబురు చేరవేసింది.

"నాకు కనబడుతోందిలే," అన్నాడు మామ, గోడవైపే చూస్తూ. "నువ్వు విను. వాణ్ణీ వినమను. నేను పాతిన గుంజ పక్కకి జరగాలంటే ముందు అదుగో, ఆ ఇటుకబట్టీ పొగగొట్టం పక్కకి జరగాలి. నా లెక్క అలాంటిది."

అంటూ ఎడమచెయ్యి కిటికీలోంచి బయటికి చాపాడు.

అత్త చేతిలో గరిటె ఆగింది. కొడుకు గ్లాసు కింద పెట్టాడు. ఎవరూ కిటికీవైపు చూడలేదు. పొగగొట్టం గురించి ఎవరూ ఒక్క ముక్క అనలేదు.

కోడలు మజ్జిగ పోసింది.

ఆమెకు ఏడుపు రావడం లేదు. మొదటిరోజు వస్తుందనుకుని చెంగు దగ్గరపెట్టుకుంది, రాలేదు. జెల్ల ముల్లు గుచ్చుకుంటే ముందు మంట పుడుతుంది, తరవాత చెయ్యంతా మొద్దుబారుతుంది. చూసుకుంటే చెయ్యి ఉంటుంది, మనదని మాత్రం అనిపించదు. ఆమెకు ఇప్పుడు ఇల్లంతా అలాగే ఉంది. అత్త ఉంది, మామ ఉన్నాడు, మొగుడున్నాడు, కుండలో అడుగంటిన అన్నముంది. ఏదీ తనదిగా లేదు.

మామను ఊళ్ళో అందరూ దిక్సూచి అంటారు. ఒకసారి మంచులో పడవలన్నీ దారి తప్పితే, ఆయన మాత్రం పడవలో హాయిగా నిద్రపోయాడట. ఆయన గురక ఒడ్డువైపు తిరిగి వినబడుతుంటే, ఆ గురక పట్టుకుని మిగతావాళ్ళు ఇళ్ళకు చేరారట. ఇది ఊరు చెప్పుకునే మాట. మన పూచీ లేదు. అలాంటి మనిషి పాతిన గుంజను ఆయన కొడుకే దాటాడంటే మరి!

కంచాలు కడిగి కోడలు పనికి బయలుదేరింది.

చేపలు కోసే షెడ్డులో పొడుగాటి రేకు బల్ల. అటూ ఇటూ ఆడవాళ్ళు. పడవలు దింపిన తొట్లన్నీ ఇక్కడికే వస్తాయి. ఎవరి మొగుడి తొట్టి వాళ్ళే కోస్తారు. ముందు ముళ్ళు విరవాలి, వెనకది ఒకటి, పక్కవి రెండు. తరవాత తల, తరవాత పొట్ట.

ఈ బల్ల దగ్గర ఒకప్పుడు చెవులు చిల్లులు పడేవి. అందరికంటే పెద్ద గొంతు ఈలగాడి పెళ్ళానిది. ఈలగాడంటే పురిటిల్లు కాపలా మనిషి. మెడలో ఈల వేసుకుని పుట్టాడంటారు. కోడలి మొగుణ్ణి పట్టిందీ అతనే.

జెల్లల సంగతి వచ్చినప్పుడల్లా ఆ పెద్దగొంతు అక్క ఒకే మాట అనేది. "ఇంకో జన్మంటూ ఉంటే ఆడజెల్లగా పుట్టాలే! గుడ్లు పెట్టి మన దారిన మనం పోవచ్చు. పురుడు మొగుడిది!"

నిజమే. తల్లిజెల్ల గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. తండ్రిజెల్ల వాటిని నోట్లో వేసుకుంటుంది. గోలీలంత గుడ్లు. అవి పిల్లలై ఈదుకుంటూ బయటికి పోయేదాకా నోట్లోనే. అన్నాళ్ళూ దానికి తిండి లేదు. నోరు తెరిస్తే పిల్లలు పోతాయి, మింగితే పిల్లలు పోతాయి. అందుకని మూతి బిగించుకుని, బురదలో ఒక మూల కూర్చుంటుంది.

ఈమధ్య బల్ల దగ్గర ఎవరూ మాట్లాడడం లేదు. మొగుడు పట్టుబడ్డ మనిషి ఎదురుగా ఉందని మొహమాటపడుతున్నారు కాబోలనుకుంది కోడలు. అనుకుని ఊరుకుంది.

ఆమె ఒక జెల్ల ముళ్ళు విరిచి తల కోసింది. నోట్లోంచి గుడ్లు దొర్లాయి. పచ్చగా, తడిగా, బల్లమీద అటూ ఇటూ.

ఎదురుగా ఉన్న ఈలగాడి పెళ్ళాం చెయ్యి చటుక్కున వచ్చి వాటిని కప్పేసింది. ఒక్క ఊడ్పులో ఒళ్ళో వేసుకుంది.

"పేగులు," అంది. "ఏం లేదు, పేగులు."

కోడలు తొట్టి వైపు చూసింది. ఈలగాడి పడవ తొట్టి. తన తొట్టి లేక ఇవాళే అందులో చెయ్యి పెట్టింది.

"అక్కా, మీ ఆయన గుంజలు దాటాడా?"

"నోర్ముయ్! కాపలా మనిషినా అలాంటి మాటనేది? నీ మొగుడు దొంగయితే ఊళ్ళో మొగుళ్ళందరూ దొంగలేనా?"

పక్కవాళ్ళు తలలెత్తలేదు. మామూలుగా అయితే ఈపాటికి చేతులు తుడుచుకుని చుట్టూ మూగేవాళ్ళు.

ఈలగాడి పెళ్ళాం గొంతు దిగిపోయింది. బల్లమీద వాలి, "ఎవరికీ చెప్పకే," అంది. "నీకు పుణ్యముంటుంది. రోజూ వస్తున్నాయి. ఆయన్ని అడగలేను. అడిగితే ఔనంటాడేమోనని భయం."

కోడలు బల్ల పొడుగునా చూసింది.

ఆ చివర ఒకామె తల కోసింది. ఎడమచెయ్యి బల్ల అంచుకు, అక్కణ్ణుంచి ఒళ్ళోకి. పక్కామె తల కోసింది. ఎడమచెయ్యి ఒళ్ళోకి. ఆ పక్కామె. ఈ పక్కామె. ఎవరూ ఎవరినీ చూడడం లేదు. సాయంత్రం ఇళ్ళకు పోయేటప్పుడు అందరూ నీళ్ళొడ్డున ఎందుకు ఆగుతున్నారో, కొంగలు ఎందుకు వెంటపడుతున్నాయో కోడలికి అప్పుడు తెలిసింది.

గుడ్లు నోట్లో పెట్టుకున్న జెల్ల ఉండేది పురిటింట్లోనే. అది అందరికీ తెలిసిన సంగతి. వలలో అది పడిందంటే మొగుడు గుంజ దాటినట్టే. అందుకని ఒక్కొక్కతీ తన మొగుడే దొంగ అనుకుంది. ఇంటిపరువు ఒళ్ళో కట్టుకుని కొంగలకు వేసింది. ఊరంతా ఒక్కసారే దాటదు కదా. చూస్తే ఊళ్ళో దొంగ లేడు. గుంజ దాటినవాడు ఒక్కడే.

ఆ ఒక్కడి తొట్టి కూడా ఈ బల్లమీదే కోశారు. కోసింది ఆమే. పట్టిన చేపను పారేయకూడదని సంఘం అంటే, ఈ చేతులతోనే కోసింది. అప్పుడు చేతులు పని చేశాయి, మనసు చూడలేదు. ఇప్పుడు గుర్తొచ్చింది. ఆ జెల్లల నోళ్ళు ఖాళీ. పొట్టల నిండా రొయ్యలు.

గుంజల లోపలి చేప తింటూ తిరుగుతోంది. గుంజల బయటి చేప నోరు కట్టుకుని కూర్చుంది.

"అక్కా, ఒళ్ళోవి ఇటివ్వు," అంది కోడలు, తాగే గ్లాసులో నీళ్ళు పోసి.

"ఎందుకే?"

"కొంగలకి రోజూ పెడుతున్నారు కదా. ఇవాళ మా ఇంట్లో పెడతాను."

ఇంటి వెనక మొగుడు వల బాగుచేస్తున్నాడు. వేయడానికి పడవ లేని వల. చిరుగు లేనిచోట కూడా విప్పి మళ్ళీ అల్లుతున్నాడు.

"నీకు తెలుసు," అంది ఆమె.

"ఏది?"

"గుంజలు తప్పుచోట ఉన్నాయని."

సూది ఆగింది. అతను నోరు విప్పాడు. ఇన్నాళ్ళకు విన్న గొంతు ఎవరిదో లాగ ఉంది.

"పడవ తోసే గడ చెప్పింది. పురిటింట్లో అడుగు బురద. గడ దింపితే వదలదు, పిల్లాడు వేలు పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. ఈ ఏడు గుంజలు పాతుతుంటే ఇసుక తగిలింది. కరకరలాడింది."

"అప్పుడే చెప్పకపోయావా?"

"పాతేటప్పుడు పడవలో నోరు విప్పకూడదు. గురి చూసేవాడు చెయ్యెత్తితే గుంజ దించాలి. అంతే. తాతలనాటి నుంచి అంతే."

"దిగాక నోరుంది కదా?"

"దిగేసరికి అందరూ వచ్చి ఆయన భుజం తడుతున్నారు. నవ్వుతున్నాడు. ఆ నవ్వు మొహం మీద ఎలా చెప్పను?" అతను దారం చుట్టుకున్నాడు. "నా అనుమానమే తప్పేమో, చూద్దామనుకున్నా. అందుకే లోపల వల వేశా. నోళ్ళు ఖాళీ. ఒడ్డుకొచ్చి చెబుదామనుకునేలోపే ఈల వినపడింది."

"మామయ్య నిలబెట్టి అడిగారు కదయ్యా! అప్పుడైనా..."

"అడిగాడు. 'తలొంచుకుంటావేంరా, నా కళ్ళలోకి చూడు' అన్నాడు. చూశాను." అతను వలను ఒళ్ళోంచి కిందికి జార్చాడు. "ఆయన నన్ను చూడడం లేదు. నా పక్కనున్న దండెం రాటని చూస్తున్నాడు. దాన్ని తిడుతున్నాడు. దాన్నే 'నా కొడుకువి కాదు' అన్నాడు. ఇక నేనేం చెప్పను?"

వెనకతలుపు దగ్గర అత్త నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు.

"మీకూ తెలుసా అత్తయ్యా?"

"ఉప్పుడబ్బా పెట్టినచోటే పెడుతున్నాను, స్టూలు జరిపితే నీమీద విరుచుకుపడుతున్నాను. చాదస్తమనుకున్నావు కదూ?" అంది అత్త. "పొగగొట్టం పడగొట్టింది నిరుడు, గుంజలు పాతేశాక. దానికి అల్లంత దూరాన ఫోన్ల టవరు లేపారు. ఆయన దాన్నే పొగగొట్టమంటున్నాడు. పొడుగ్గా ఏదో కనబడుతోంది, చాలనుకుంటున్నాడు."

"చెప్పలేదేం?"

"చెబితే ఆయన పోతాడే."

"చెప్పకపోతే?"

అత్త గుమ్మం పట్టుకుంది. "చెప్పకపోతే మనం," అంది. "కొంచెం కొంచెంగా." అని లోపలికి వెళ్ళిపోయింది. లోపల ఏదో మూత పెట్టిన చప్పుడైంది. పెట్టాల్సిన చోటే పెట్టి ఉంటుంది.

మామ అరుగుమీద కూర్చుని ఉన్నాడు, కొత్త గుంజకు మొన చెక్కుతున్నాడు. చెక్కు చెక్కుకూ బొటనవేలితో తడిమి చూసుకుంటున్నాడు.

"మామయ్యా, చెయ్యి పట్టండి."

"ఏమిటే?"

"పట్టండి ముందు."

కత్తి కింద పెట్టి చెయ్యి చాపాడు. ఆమె గ్లాసు వంచింది. నీళ్ళు వేళ్ళసందుల్లోంచి కారిపోయాయి. గుడ్లు మిగిలాయి.

ఆయన ఒకదాన్ని రెండు వేళ్ళమధ్య పెట్టి మెల్లగా దొర్లించాడు. మొహంలో ఏమీ కదలలేదు.

"జెల్లవి. పొదగడం సగం అయింది. ఇంకో పక్షం పోతే ఈదేవి." ఆగాడు. "వాడి వలలోవా?"

"కాదు మామయ్యా. ఈలగాడి వలలోవి. మిగతా పడవల్లో కూడా వస్తున్నాయి. అన్నీ గుంజల బయట వేసిన వలలే."

"మరి వాడు పట్టిన చేపల నోళ్ళు?"

"ఖాళీ. పొట్టలో రొయ్యలు."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. మామ పిడికిలి మూశాడు, గట్టిగా కాదు. గుడ్లు చితక్కుండా ఎంత మూయాలో అంతే.

"నాకెందుకు చూపించావు?" అన్నాడు చివరికి.

"చూపించలేదు మామయ్యా. చేతిలో పెట్టాను."

ఆ మాట అన్నాక ఆమెకు భయం వేయాలి. వేయలేదు. ఎదురుగా ఉన్న మనిషి మొహాన్ని దూరం నుంచి చూస్తున్నట్టు చూస్తూ నిలబడింది. ఆయన తిట్టలేదు. గుంజ మొనను ఇంకోసారి తడిమాడు.

"చొక్కా ఇవ్వమను మీ అత్తని."

చొక్కా ఎక్కడుంటుందో అక్కడే ఉంది.

ఒడ్డుకు ఆయన తనంతట తానే నడిచాడు, ఎడమచెయ్యి గోడల మీద ఆనించుకుంటూ, కుడి పిడికిలి పొట్టకు దగ్గరగా పట్టుకుని. వెనకే అత్త, కోడలు. వాళ్ళ వెనక దూరంగా కొడుకు. దారిలో అరుగులమీది వాళ్ళు లేచి నిలబడ్డారు. దిక్సూచి తీర్పు చెప్పడానికి పోతున్నాడనుకున్నారు.

ఒడ్డున జనం మూగారు. సంఘం పెద్ద సుత్తి తెచ్చుకున్నాడు. ఎవరికీ కనబడకూడదని వెనక పట్టుకున్నాడు కానీ, అందరూ వెనకనుంచే చూస్తున్నారు. ఈలగాడు ముందు వరసలో ఉన్నాడు. అతని పెళ్ళాం ఆడవాళ్ళలో, అందరికంటే వెనక.

"రా దిక్సూచీ," అన్నాడు సంఘం పెద్ద. "నీ మాట కోసమే ఆగాం. కన్నకొడుకని చూడకుండా పోయినసారే చెప్పావు. ఇవాళ కూడా నువ్వే చెప్పు. పలకలు ఊడగొట్టమంటావా?"

మామ పడవ దగ్గరికి వెళ్ళాడు. బోర్లా ఉన్న దాని అడుగును చేత్తో నిమిరాడు, మొదటినుంచి చివరిదాకా. తరవాత మెల్లగా ఒరిగి దానిమీద కూర్చున్నాడు. ఇక సుత్తి వేయాలంటే ఆయన్ని లేపాలి.

"ముందు ఇవి చూడండి," అని పిడికిలి విప్పాడు. "ఏ ఇంటివని అడక్కండి. అడిగితే సగం ఊరు తలొంచుకోవాలి. గుంజల బయట దొరికాయి."

జనం వంగి చూశారు. వెనక ఆడవాళ్ళలో ఒక కదలిక వచ్చి ఆగిపోయింది. ఈలగాడు ఎందుకో తన పెళ్ళాం వైపు తిరిగి చూశాడు. ఆమె ఒళ్ళోకి చూసుకుంటోంది.

"బయట ఎలా దొరుకుతాయి?" అన్నాడు సంఘం పెద్ద. "పురిటిల్లు లోపలుంటే?"

"అదే నేనూ అడుగుతున్నా." మామ గొంతు మామూలుగానే ఉంది, ఎక్కడో సరుకు ధర అడుగుతున్నట్టు. "మా నాయన నా చెవిలో ఒక్కడికే చెప్పిన మాట. అందరికీ తెలిస్తే ఎవడో ఒకడు ఆ గురిపట్టుకుని దొంగచాటున వల వేస్తాడని దాచాం. ఇవాళ అందరి చెవిలో చెబుతున్నా. నీళ్ళలోంచి ఒడ్డువైపు చూడాలి. ఇటుకబట్టీ పొగగొట్టం వెనక దీపస్తంభం ఎక్కడ దాక్కుంటుందో, అక్కడ మొదటి గుంజ. నేనలాగే చూశాను. అలాగే చెయ్యెత్తాను."

ఒక్కొక్కరే తల తిప్పి ఊరివైపు చూశారు.

"ఒరేయ్ ఈలగా! ఊళ్ళో మంచి కళ్ళు నీవి. చీకట్లో మా వాణ్ణే పట్టినవాడివి. చూసి చెప్పు." ఆయన మొహం ఈలగాడి వైపు తిరిగింది, కాస్త పక్కగా, ఇంకెవరినో చూస్తున్నట్టు. "ఆ పొగగొట్టం ఇంకా ఉందా?"

ఈలగాడి చెయ్యి మెడలోని ఈల దగ్గరికి పోయింది. అలవాటు కొద్దీ నోటిదాకా తెచ్చాడు. ఊదలేదు. దించలేదు.

కొడుకు గుంపులోంచి ఒకడుగు ముందుకు వేసి ఆగిపోయాడు. అత్త రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. కోడలు ఆకాశంలో ఒకప్పుడు పొగగొట్టం ఉన్న చోటును చూస్తోంది. అక్కడ ఏమీ లేదు. పూర్తిగా ఖాళీ. ఇన్నాళ్ళూ రోజూ ఆ ఖాళీ కిందుగానే పనికి పోయి వచ్చింది.

"ఎవరైనా చెప్పండర్రా," అన్నాడు మామ.

జెల్ల తండ్రి గుడ్లను నోట్లో మోస్తుందంటే ఇదెక్కడి కోతరా బాబూ అని నవ్వుకుని ఉంటారు. అది నిక్కమైన నిజం. గుడ్ల కాలంలో పట్టకుండా, ఎవరినైనా పెద్దవాళ్ళనడిగి తెలుసుకోండి. గురక పట్టుకుని ఇళ్ళకు చేరిన సంగతి ఊరి పూచీ అని అప్పుడే చెప్పుకున్నాం. కానీ మొదట్లో కొట్టిన గొప్ప కాస్త వెనక్కి తీసుకోవాలి; జెల్లకు ఒక పొలుసు మొలిచింది. మామ పడవమీద కూర్చున్నాడన్న మాట కల్పన.

ఆయన కూర్చోలేదు. ఒక చెయ్యి పడవమీద ఆనించి, జవాబు కోసం నిలబడే ఉన్నాడు. అంతసేపూ ముసలాయన్ని అలా నిలబెట్టి ఉంచడానికి చెప్పేవాడికే మనసొప్పలేదు.